గుమ్మానికి అడ్డంగా టేకు బెంచీ

జూన్ 14

బావకు,

మీరు బస్సెక్కిన మర్నాడే రాద్దామనుకున్నాను. కలం పట్టుకుంటే ఏం రాయాలో తోచక మళ్లీ మూత పెట్టేశాను. అత్తయ్య ఊరుకోలేదు. మొగుడికి ఉత్తరం రాయడానికి కూడా సిగ్గేనా అన్నారు. రాశాక తనకు చదివి వినిపించాలట, తప్పులుంటే చెబుతారట. అందుకని తిన్నగా కూర్చుని రాస్తున్నాను.

మీరు చేసి ఇచ్చిన బెంచీని పెరట్లో నాపరాళ్ల మీద పెట్టించాను. దాని మీద చెట్టు నీడ లేదు, చూరు లేదు. మీరు చెప్పినవన్నీ గుర్తున్నాయి. వార్నిష్ వేయకూడదు, నూనె రాయకూడదు, కప్పకూడదు, లోపలికి తేకూడదు. వానకు తడవాలి, ఎండకు ఎండాలి. ఇదంతా అత్తయ్యకు చెబితే, బిడ్డను కని వీధిలో పడుకోబెట్టమన్నట్టుంది అన్నారు. ఇది నేను రాయకూడదేమో గానీ ఆవిడే రాయమన్నారు.

నిన్న విడిదమ్మ వచ్చింది. బస్టాండు వెనక విడిది ఇల్లు నడుపుతున్నందుకు మనం ఆ పేరు పెట్టుకున్నామని ఆవిడకు తెలియదు కదా. ఎక్కడ నోరు జారతానోనని నేను అసలు మాట్లాడలేదు, తల మాత్రం ఊపాను. ఆవిడ బెంచీ మీద కూర్చుని అటూ ఇటూ ఊగి చూసింది. వాళ్ల పెరట్లో ఇనుప కుర్చీలు ఏటా తుప్పు పట్టి వచ్చినవాళ్ల బట్టలకు మరకలు చేస్తున్నాయట. ప్లాస్టిక్‌వి ఎండకు పెళుసెక్కిపోయాయట. ఒక పెద్దమనిషి కాఫీ కప్పుతో సహా కింద పడ్డాడట. పేము కుర్చీలకు బూజు పట్టిందట. ఈ వానలు పోయాక వచ్చి చూస్తానంది. మీరు చెప్పినట్టు బెంచీ వెండి రంగుకు తిరిగి, కాళ్లు కదలకుండా ఉంటే, వాళ్ల పెరడంతటికీ కుర్చీలు, బల్లలు మీరే చేయాలట. లేకపోతే మళ్లీ ఇనుమే కొనుక్కుంటుందట.

ఆ పని వస్తే మీరు మిల్లు మానేసి ఇక్కడే షెడ్డు వేసుకుంటానన్నారు. మిగతావన్నీ వేళ్ల మీద లెక్కపెట్టి గుర్తుపెట్టుకున్నాను గానీ, ఈ ఒక్కటీ ఏ కష్టమూ లేకుండానే గుర్తుంది.

కింద ఏమని సంతకం పెట్టాలో తెలియలేదు.

ఇట్లు,
ఇంట్లో ఉన్న నేను

*

జూన్ 27

పిట్టకు,

నీ ఉత్తరం అందింది. నా ఉత్తరాలన్నీ అమ్మకు చదివి వినిపించు. మొదటి మాట ఆవిడకే. అమ్మా, అది బిడ్డ కాదు, బెంచీ.

ఇక్కడ రంపం మొదలైతే పక్కన మనిషి అరిచినా వినపడదు. మా మేనేజరేమో అరవకుండా ఉండలేడు. రోజంతా ఆయన నోరు కదులుతూ ఉంటుంది, మేం తలలు ఊపుతూ ఉంటాం. నిన్న ఊపకూడని చోట ఊపానట. ఆదివారం కూడా పనికి రావాల్సి వచ్చింది.

టేకును ఎందుకు బయట పెట్టాలో అమ్మకు మళ్లీ చెప్పు. టేకు చేవలో, అంటే మాను నడిమి గట్టి చెక్కలో, పుట్టుకతోనే నూనె ఉంటుంది. అందుకే నీళ్లు తొందరగా లోపలికి దిగవు, చెదలు దాని జోలికి రావు. వేరే చెక్కలు వానకు ఉబ్బి, ఎండకు ముడుచుకుని అతుకులు వదిలేస్తాయి. టేకుకు ఆ ఉబ్బడం, ముడుచుకోవడం చాలా తక్కువ. మిట్టమధ్యాహ్నం కూర్చున్నా ఇనుములా కాల్చదు. గాలివానకు ప్లాస్టిక్ కుర్చీలా పక్కింటికి ఎగిరిపోదు. ఏడాదికోసారి రంగు వేసే పని లేదు. మారేదల్లా పై రంగే. ముందు తేనె రంగు వెలిసిపోతుంది, తర్వాత బూడిద రంగవుతుంది, చివరకు వెండిలా తేలుతుంది. అదైనా పైపైనే. కాస్త గీకితే లోపల మళ్లీ తేనె రంగే. విడిదమ్మకు నేను ఎన్ని చెప్పినా మాటలే కదా. నా బదులు ఆ బెంచీ చెబుతుందని పెరట్లో వదిలి వచ్చాను.

ఆ చెక్క ఇచ్చిన ఇక్కడి కలప డిపో పెద్దాయన, విడిదమ్మ పని కోసం చేవ బాగా ఉన్న దుంగలు ఏరి విడిగా పెట్టాడు. నోటి మాట మీదే. ఈ రోజుల్లో అలాంటి మనిషి దొరకడు.

వానలు మొదలయ్యాయా? రంగు ఎలా ఉందో రాయి.

బావ

*

జూలై 9

బావకు,

వానలు బాగా పడుతున్నాయి. అత్తయ్య నా పక్కనే కూర్చుని కూరగాయలు తరుగుతున్నారు. మీ ఉత్తరం మొత్తం వినిపించాను. బిడ్డ కాదు బెంచీ అన్నచోట ఆవిడ కత్తి పక్కన పెట్టి, వాడికి తెలియదులే అన్నారు.

బెంచీ మీరు ఎలా వదిలి వెళ్లారో అలాగే ఉంది. అలాగే అంటే అచ్చంగా అలాగే. ఒకే మాట రెండుసార్లు ఎందుకు రాశావని అత్తయ్య అడిగారు. ఊరికే అన్నాను.

మబ్బు పట్టిందంటే మా ఇద్దరికీ పరుగే. అటు చివర ఒకరు, ఇటు చివర ఒకరు. బరువులు మోసి మోసి నడుములు పట్టేశాయి. ఎండ కాస్తే మరో పని, అప్పుడు పాత దుప్పటి పెరట్లోకి వెళుతుంది. రోజుకు ఇన్నిసార్లు ఆకాశం వైపు చూడాల్సి వస్తుందని నేను ఎప్పుడూ అనుకోలేదు.

ఇక్కడ ఒక వాక్యం రాసి కొట్టేశాను. అత్తయ్య వద్దన్నారు.

బెంచీ గురించి మీరు బెంగ పెట్టుకోవద్దట. కన్నతల్లి ఉండగా దానికి ఏ లోటూ రాదట. ఈ మాట ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాశాను. మీరు నిదానంగా, ఒక్కో మాటా చదవండి.

ఇట్లు,
నడుము నొప్పితో నేను

*

జూలై 22

పిట్టకు,

బరువులంటే కట్టెలే కదా. వానలకు ముందే అవన్నీ పంచలోకి చేర్చుకోమని నేను చెప్పి మరీ వచ్చాను. నా మాట ఎవరు విన్నారు గనక. దుప్పటి పరుచుకుని అమ్మ బెంచీ మీద నడుం వాలుస్తోందా? వాల్చనీ, దాని మీద ఏనుగు పడుకున్నా ఏమీ కాదు.

కొట్టేసిన వాక్యంలో ఏముందో నాకు తెలుసులే. నాకూ ఇక్కడ అలాగే ఉంది. సాయంత్రం రంపం ఆగాక మరీను.

ఇక అసలు సంగతి. రంగు 'అచ్చంగా అలాగే' ఉండడమేమిటి? వానలు మొదలై ఇన్నాళ్లయింది. ఈపాటికి తేనె రంగు వెలిసిపోయి ఉండాలి. నాకేదో తేడాగా ఉంది. ఒక పని చెయ్యి. గ్లాసుడు నీళ్లు పోసి చూడు, ఇంకుతున్నాయా, జారిపోతున్నాయా? తర్వాత కూర్చునే పలక అడుగున కత్తితో కాస్త గీకి వాసన చూడు. టేకైతే తోలు వాసన వస్తుంది. విడిదమ్మ చూసేలోగా మనకు తెలియాలి. మాటవరసకు డిపో పెద్దాయనతో ఈ మాటంటే, 'నా దగ్గర కొన్నాక ఇలా అడిగినవాళ్లు ఇంతవరకూ లేరు' అని ముఖం తిప్పుకున్నాడు.

బావ

*

ఆగస్టు 3

బావకు,

మీరు చెప్పినట్టే చేశాను. నీళ్లు పోస్తే ముత్యాల్లా నిలిచి, జారి కింద పడ్డాయి. అవి కింద పడేలోపే అత్తయ్య పమిట కొంగుతో తుడిచేశారు. అడుగున గీకాను. కొత్త చెప్పుల షాపులోకి వెళ్లినట్టు వాసన వచ్చింది. గీకినందుకు అత్తయ్య పొద్దుట్నుంచి నాతో మాట్లాడలేదు. ఇప్పుడు ఉత్తరం వినడానికి మాత్రం వచ్చి కూర్చున్నారు.

రంగు మాత్రం తేనె రంగే. తుడిచి తుడిచి ఇంకా మెరుస్తోంది. తుడిచేది నేను కాదు. ఇల్లన్నాక తుడవమా అని అత్తయ్య రాయమంటున్నారు.

కొట్టేసిన వాక్యంలో మీరనుకున్నది లేదు. మీ ఉత్తరంలో ఆ చోటికి వచ్చి నేను ఆగిపోయాను. "ఆగావేం, చదువు" అన్నారు అత్తయ్య. చదవక తప్పలేదు. ఆవిడ లేచి లోపలికి వెళ్లి చాలాసేపు రాలేదు. నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను. దయచేసి అలాంటివి ఇక రాయకండి.

నా చదువెంతో మీకు తెలుసు. వేలు పెట్టుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుంటే తప్ప చదవలేను. కాగితం మీద ఒకటి రాసి, నోటితో ఇంకొకటి చదివే తెలివి నాకు లేదు. దీన్ని బట్టి మీరు ఏదైనా అర్థం చేసుకుంటే బాగుండును. కట్టెలు మాత్రం ఎప్పుడో పంచలోకి చేరాయి. మేం మోసేది కట్టెలు కాదు.

ఏమిటి ఆ చివరి మాట అని అత్తయ్య అడుగుతున్నారు. ఇక ఆపేస్తాను.

ఇట్లు,
నేనే

*

ఆగస్టు 13

పిట్టకు,

మీరు ఏం మోస్తున్నారో, ఎందుకు మోస్తున్నారో నాకు అక్కర్లేదు. నా తల మీద ఉన్న బరువు నాకు చాలు.

నాకు అర్థమైపోయింది. టేకు వాసన వస్తోంది, టేకులా రంగు తిరగడం లేదు. అంటే ఏదో లేత చెక్కను నూనెలో నానబెట్టి టేకని నాకు అంటగట్టాడు. నూనె ఎక్కువై రంగు వెలవడం లేదు. మొన్న తిన్నగా డిపోకు వెళ్లి, లారీకి సరుకెత్తే వాళ్లందరి ముందు అనేశాను, నువ్వు నాకిచ్చింది టేకు కాదని. ఆయన మనుషుల్ని పిలిచి, మన కోసం విడిగా పెట్టిన దుంగల్ని మళ్లీ పెద్ద గుట్టలో కలిపించేశాడు.

విడిదమ్మకు నువ్వే చెప్పు, ఆవిడను ఇనుమే కొనుక్కోమను. మిల్లులో నా ఒప్పందం అక్టోబరు ఆఖరుకు అయిపోతుంది. ఇంకో రెండేళ్లకు సంతకం పెట్టమని మేనేజరు అడుగుతున్నాడు. ఈసారి తెలిసే తలూపాను. షెడ్డూ లేదు, గిడ్డూ లేదు. ఆ బెంచీని చీల్చి పొయ్యిలో పెట్టండి.

బావ

*

ఆగస్టు 21

బావకు,

ఈ ఉత్తరం కాస్త పొడుగ్గా ఉంటుంది. కోపం వచ్చినా చివరిదాకా చదవండి.

మీ ఉత్తరం అత్తయ్యకు వినిపించాను. వినగానే ఆవిడ డిపో ఆయన్ని తిట్టడం మొదలుపెట్టారు. రేపే బస్సెక్కి వెళ్లి, నా కొడుకును మోసం చేస్తావా అని నలుగురిలో కడిగేస్తానన్నారు. రెండేళ్లు అన్న చోట నా వేలు ఇంకా కాగితం మీదే ఉంది. అది తీసి అన్నాను.

"అత్తయ్యా, డిపో ఆయన తప్పేమీ చేయలేదు. ఆ బెంచీ ఇంతవరకు ఒక్క వాన కూడా చూడలేదు. మీరూ నేనూ కలిసి చూడనివ్వలేదు."

అదీ జరిగింది. మొదటి చినుకు పడ్డ రోజే ఆవిడ, రావే అటు చివర పట్టుకో అన్నారు. పట్టుకున్నాను. అప్పట్నుంచి వాన వస్తే బెంచీ మధ్య గదిలోకి, ఎండ కాస్తే పెరట్లో దుప్పటి కింద. మీరు చెప్పిన మాట రోజూ ఆవిడకు చెప్పేదాన్ని. తడిసి జ్వరం తెచ్చుకునేవాడి సలహాలు నాకెందుకు అనేవారు. మీరు చిన్నప్పుడు అలా తెచ్చుకునేవారట. వాడికి రాయకు, నొచ్చుకుంటాడు అన్నారు. కొట్టేసిన వాక్యంలో నేను రాసింది, 'టేకు ఎంత బరువో నాకు ఇప్పుడు తెలిసింది' అని.

నేను అలా అన్నాక అత్తయ్య తిట్లు ఆపేశారు. తర్వాత మామయ్య సంగతి చెప్పారు. పెళ్లయిన కొత్తలో మామయ్య ఆవిడ కోసం మామిడి చెక్కతో ఒక మంచం చేశారట. ఆవిడ ఒక రోజు దాన్ని బయటేసి మర్చిపోయారట. వాన పడి కాళ్లు ఉబ్బి, పట్టెలు విడిపోయాయట. మామయ్య ఏమీ అనకుండా ముక్కలన్నీ ఏరి గోడకు ఆనించారట.

"తిట్టినా బాగుండేది. ఏమీ అనలేదు" అన్నారు.

"అది మామిడి అత్తయ్యా, ఇది టేకు" అన్నాను.

"ఏ చెక్కైతేనేం. చేసింది నావాళ్లు" అన్నారు.

ఆవిడను చూస్తే జాలేసింది. రెండేళ్లు అన్న మాట గుర్తొచ్చి జాలి పోయింది. ఇకమీదట మబ్బు పడితే నన్ను పిలవకండి, నేను రాను అని చెప్పేశాను. చెప్పాక అక్కడే కూర్చుండిపోయాను. ఆవిడ లేచి, "రాసెయ్. అంతా రాసెయ్. నేను వినను" అని వెళ్లిపోయారు.

అందుకని అంతా రాశాను. సంతకం పెట్టకండి. డిపో ఆయన దగ్గరకు వెళ్లండి.

ఇట్లు,
మీ పిట్ట

*

సెప్టెంబరు 1

పిట్టకు,

చదివాను. మేనేజరు వచ్చి, ఎవరైనా పోయారా అని అడిగాడు. నా ముఖం అలా ఉందట. బెంచీని లోపల పడుకోబెట్టారని ఎలా చెప్పను?

ఇన్నాళ్లూ నాకు ఒక్క ముక్క రాయలేకపోయావా? అమ్మ ఎదురుగా ఉంటే మాత్రం ఏం, తపాలా పెట్టె దాకా వెళ్లేదానివి నువ్వే కదా, చదివి వినిపించాక కింద ఒక వరుస కలపలేకపోయావా? నీ సిగ్గు వల్ల నేను ఒక మంచివాణ్ణి నలుగురిలో దొంగను చేశాను.

డిపోకు వెళ్లాను. గేటు దగ్గరే నిలబెట్టి మాట్లాడాడు. "టేకును టేకు కాదన్న నోటితోనే మళ్లీ టేకంటే నేను నమ్మను. రంగు తిరిగిందని మీ ఇంటి నుంచి ఎవరైనా వచ్చి చెబితే అప్పుడు చూద్దాం" అన్నాడు. అంతే, లోపలికి వెళ్లిపోయాడు.

వానలు సగం అయిపోయాయి. మిగిలిన సగంలో అది ఏం తిరుగుతుందో, విడిదమ్మ ఏం చూస్తుందో. అమ్మను నేను ఏమీ అనడం లేదని చెప్పు. వద్దు, ఏమీ అనలేదని చెబితే మళ్లీ మంచం గుర్తొస్తుంది. తిట్టానని చెప్పు.

బావ

*

సెప్టెంబరు 18

బావకు,

'నా ఉత్తరాలన్నీ అమ్మకు చదివి వినిపించు' అని రాసింది ఎవరు? చాటుగా ఒక వరుస కలిపినా మీ జవాబులో బయటపడేది కదా. తపాలా పెట్టె దాకా అత్తయ్య కూడా వస్తారు, దారిలో కవరు ఆవిడ చేతిలోనే ఉంటుంది. నా సిగ్గు సంగతి సరే. మేం మోసేది కట్టెలు కాదని రాస్తే, నాకు అక్కర్లేదని రాసిన మీ తెలివి మాటేమిటి? ఇది రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. రాశాక కొట్టేయలేదు.

ఉత్తరాలు వినడం ఆవిడ మానేశారు కాబట్టి, మీరు తిట్టారని చెప్పగలిగాను. అత్తయ్య కాస్త తేరుకున్నారు.

కానీ తేరుకున్నాక ఏం చేశారో వినండి. నేను రానన్న రోజు నుంచి వాన పడక బెంచీ పెరట్లో దుప్పటి కిందే ఉంది, వారం కిందట పెద్ద వాన వచ్చింది. నన్ను పిలవలేదు, నేనూ కదల్లేదు. ఒక్కరే వెళ్లి బెంచీని ఈడ్చుకొచ్చారు. వెనక గుమ్మంలో సగం దూరాక అది బిగుసుకుపోయింది. ఇద్దరం మోసేటప్పుడు కాస్త వాల్చి లోపలికి తెచ్చేవాళ్లం. ఒక్క మనిషి వాల్చలేదు కదా. బెంచీకి చెయ్యి ఆనించుకునే కర్ర ద్వారబంధానికి పట్టేసింది. ఇప్పుడు రెండు కాళ్లు ఇంట్లో, రెండు కాళ్లు పెరట్లో. ఆ గుమ్మానికి చూరు జానెడే కాబట్టి బయట సగం నిక్షేపంగా తడుస్తోంది.

రెండు వైపులా ఎత్తి పట్టుకుంటే గానీ అది ఊడదు. లోపలికైతే పడతానంటారు ఆవిడ. బయటకైతే పడతానంటాను నేను. పక్కింటి టైలరు సాయం చేస్తానని వచ్చాడు. ఆవిడ లాగమన్నారు, నేను తోయమన్నాను. అతను బెంచీ మీద కూర్చుని ఇద్దర్నీ కాసేపు చూసి, షాపులో పనుందని వెళ్లిపోయాడు. పెరట్లోకి వెళ్లాలంటే కాళ్లు తుడుచుకుని బెంచీ ఎక్కి, దాని మీద నడిచి అవతల దిగుతున్నాం. వెనక తలుపు పడడం లేదు. వంట చేస్తుంటే పిల్లులు బెంచీ మీద నడిచి లోపలికి వస్తున్నాయి.

ఒక్క మాట మాత్రం నిజం. బయట సగం వెలవడం మొదలైంది. అత్తయ్య కూడా చూశారు, చూడనట్టు వెళ్లిపోయారు.

ఇట్లు,
పిట్ట

*

సెప్టెంబరు 30

పిట్టకు,

తెలివి లేదని ఒప్పుకుంటున్నాను. ఇప్పుడు ఆ బెంచీని బయటకు తోయించు. టైలర్ని కాకపోతే వీధిలో ఎవరినైనా పిలువు. సగం బెంచీని చూపిస్తే విడిదమ్మ ఏమనుకుంటుంది? పాత చెక్కకు కొత్త చెక్క అతికించామనుకుంటుంది. అంతకంటే అసలు లేకపోవడమే నయం.

వచ్చే నెలాఖరున మేనేజరు కాగితం తెస్తాడు. నువ్వు వద్దన్నావని సంతకం పెట్టకుండా ఉంటే, ఆ తర్వాత ఏం తినాలో కూడా నువ్వే రాయి.

డిపో గేటు ముందు నుంచి రోజూ వెళుతున్నాను. పెద్దాయన చూస్తాడు. నేనే తల దించుకుంటున్నాను.

బావ

*

అక్టోబరు 16

బావకు,

మీరు అన్నదే జరిగింది. వీధిలో వాళ్లను పిలుద్దామని నేను చెప్పులు వేసుకుంటుండగా విడిదమ్మ వచ్చేసింది. రేపో ఎల్లుండో అనుకున్నాం, కబురైనా లేకుండా పక్క సందులోంచి తిన్నగా పెరట్లోకే వచ్చింది. గుమ్మంలోంచి సగం బయటకొచ్చిన బెంచీని చూసి అక్కడే ఆగిపోయింది. బయట సగం వెండిలా ఉంది. లోపల సగం మీరు చిత్రిక పట్టిన రోజు ఎలా ఉందో అలా ఉంది. వంగి చూసింది, లోపలికి తొంగి చూసింది. తర్వాత మీరు రాసిన మాటే అంది. ఇటు పాత చెక్క, అటు కొత్త చెక్క అతికించినట్టుందే, వేరే ఎక్కడిదో పాత బెంచీ ముక్క తెచ్చి నాకు చూపిస్తున్నారా అని అడిగింది. గొంతు పెద్దది చేయలేదు, కానీ సంచి భుజానికి తగిలించేసుకుంది.

అత్తయ్య ఇంట్లోంచి నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను. విడిదమ్మ వెళ్లిపోతే ఆ వెనకే రెండేళ్లు వెళ్లిపోతాయని తెలుస్తూనే ఉంది, మాట మాత్రం రావడం లేదు. అందుకని ముందు చెయ్యి పట్టుకున్నాను. విడిదమ్మ చెయ్యే. తేనె రంగు సగం మీద చెక్క చారల్లో ఒకదాని మీద ఆవిడ వేలు పెట్టించి, మెల్లగా బయటకు జరుపుకుంటూ వచ్చాను. గడప దాటాక రంగు మారింది. చార ఎక్కడా తెగలేదు, అతుకు తగల్లేదు. ఆవిడ తనంతట తనే ఇంకో చార పట్టుకుని చివరిదాకా వెళ్లింది.

అప్పుడు మాటలొచ్చాయి. మీరు రాసినవే. లోపల నూనె ఉంటుందని, పైరంగు మాత్రమే మారుతుందని, లోపలి సగం వానా ఎండా తగలక అలా ఉండిపోయిందని చెప్పాను. ఇన్నాళ్లు నీళ్లలో నిలబడ్డ కాళ్లు చూడండి, ఎక్కడైనా మెత్తబడిందేమో గోటితో నొక్కండి అన్నాను. ఆవిడ కూర్చుని నొక్కింది. లేచి వెండి సగం మీద కూర్చుని ఊగింది. బెంచీ కిర్రుమనలేదు.

"అంతా బాగానే ఉంది గానీ, ఇలా సగం సగం ఎందుకు పెట్టారు?" అంది.

అత్తయ్య గుమ్మంలోంచి జవాబిచ్చారు.

"లోపలి సగం నా చాదస్తం. బయటి సగం మా కోడలి మొండితనం. చెక్క మాత్రం ఒకటేనమ్మా, నా కొడుకు ఒకే పలక కోశాడు."

విడిదమ్మ సంచి భుజం మీంచి దించేసింది. పెరడంతటికీ మీరే చేయాలట. వచ్చే వానలకు ముందు అన్నీ అక్కడ ఉండాలట. రంగు కోడలి వైపుది కావాలంది. మీరేమీ పూయకుండా ఇస్తే, వానా ఎండా చూసుకుంటాయని చెప్పాను.

ఆవిడ వెళ్లాక అత్తయ్య వచ్చి వెండి సగం మీద కూర్చున్నారు. అరచేత్తో నిమురుతూ, "మీ మామయ్యకు టేకు కొనే స్తోమత ఉండేది కాదు" అన్నారు. లేచి, డిపోకు ఏ బస్సు వెళుతుందని అడిగారు. ఇంటి నుంచి ఎవరైనా వచ్చి చెప్పాలన్నాడుగా, నేను వెళ్లి చెబుతాను అన్నారు. తప్పు తనదని ఆయనకు తనే చెబుతారట. వద్దంటే వినే మనిషి కాదని మీకు తెలుసు.

కాబట్టి ఈ ఉత్తరం మీకు తెచ్చి ఇస్తున్నది అత్తయ్యే. ముందు ఆవిడకు మంచినీళ్లివ్వండి. తర్వాత డిపోకు తీసుకెళ్లండి. ఆవిడ మాట్లాడుతుంటే మధ్యలో మీరు మాట్లాడకండి, తల కూడా ఊపకండి. దుంగలు ఇస్తే తెచ్చుకోండి. ఇవ్వకపోతే ఇంకో డిపో వెతుక్కుందాం గానీ, మిల్లు కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి. ఇది అడగడం కాదు, చెబుతున్నాను. ఏం తినాలో రాయమన్నారు కదా. ఇద్దరూ రండి, వండి పెడతాను.

ఏ రోజు వస్తారో ఉత్తరం రాయకండి. అది నాకు చేరేలోపే మీరు రావచ్చు. ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటాను, వెనక తలుపు పడడం లేదు.

ఇట్లు,
మీ భార్య